బీసీ547 డేటాషీట్‌లో 50, 45, 6 వోల్టులు: ఏది చూడాలి?

మీ ప్రశ్న: 12 వోల్టుల రిలేని (కాయిల్‌తో పనిచేసే స్విచ్) బీసీ547 ట్రాన్సిస్టర్‌తో నడపాలి, డేటాషీట్‌లో 6 వోల్టులు అని కూడా ఉంది, మరి కాలిపోతుందా?

కాలిపోదు. ఆ 6 వీఈబీఓ. ట్రాన్సిస్టర్‌కి బేస్, కలెక్టర్, ఎమిటర్ అని మూడు కాళ్లు; బేస్-ఎమిటర్ జంక్షన్‌కి రివర్స్‌లో, అంటే తిరగేసి, పడే వోల్టేజీకి అది హద్దు, మీ సప్లైకి కాదు. సప్లైతో పోల్చాల్సింది కలెక్టర్-ఎమిటర్ మధ్య హద్దయిన వీసీఈఓని, అంటే 45ని. చివరి ‘ఓ’కి అర్థం మూడో కాలు ఎక్కడా కలపలేదని. కలెక్టర్-బేస్ మధ్య హద్దు, 50 ఉన్న వీసీబీఓని నమ్ముకోకండి, అది ఎమిటర్‌ని వదిలేసి ఇచ్చిన అంకె. బేస్‌ని వదిలేసినప్పుడు కలెక్టర్-బేస్ లీకేజీని ట్రాన్సిస్టరే తన గెయిన్‌తో (కరెంటుని పెంచే గుణంతో) పెంచుకుంటుంది, అందుకే ముందుగానే బ్రేక్‌డౌన్ అవుతుంది, అంటే వోల్టేజీని ఆపలేకపోతుంది. 2ఎన్3055 అనే మరో ట్రాన్సిస్టర్‌లో ఇది బాగా తెలుస్తుంది: వీసీబీఓ 100, వీసీఈఓ 60, బేస్-ఎమిటర్ మధ్య 100 ఓమ్‌లు పెడితే 70. మీరు కూడా బేస్ నుంచి గ్రౌండ్‌కి 10 కిలో ఓమ్‌లు వేయండి.

ఇవన్నీ దాటకూడని హద్దులు. 45 ఉంది కదా అని 40 వోల్టుల సప్లై పెట్టకండి. నేనైతే సగం దగ్గరే ఆగుతాను, 24 వోల్టుల రిలే వరకు సరే.

అసలు ప్రమాదం రిలే కాయిల్‌తో. ట్రాన్సిస్టర్ ఆఫ్ అయిన క్షణంలో కాయిల్ కరెంటు ఆగనంటుంది, కలెక్టర్ వోల్టేజీ 12 నుంచి ఒక్కసారిగా 45 దాటేస్తుంది. మొదట్లో బాగానే పనిచేస్తుంది, కొన్నాళ్లకి కలెక్టర్-ఎమిటర్ షార్ట్ అయి రిలే ఆన్‌లోనే ఉండిపోతుంది. కాయిల్‌కి అడ్డంగా 1ఎన్4007 డయోడ్ పెట్టండి, గీత ఉన్న కాలు 12 వోల్టుల వైపు. అప్పుడు కలెక్టర్ 13 వోల్టుల లోపే ఉంటుంది. కాయిల్ 400 ఓమ్‌లైతే 30 మిల్లీ ఆంప్‌లు తీసుకుంటుంది. 5 వోల్టుల పిన్ నుంచి బేస్‌కి 2.2 కిలో ఓమ్‌లు పెడితే దాదాపు 2 మిల్లీ ఆంప్‌లు, పూర్తిగా ఆన్ కావడానికి చాలు.

మరి ఆ 6 ఎక్కడ దెబ్బ కొడుతుంది? రెండు ట్రాన్సిస్టర్ల ఎల్ఈడీ ఫ్లాషర్‌ని 12 వోల్టులతో నడిపినప్పుడు. ఒకటి ఆన్ కాగానే కెపాసిటర్ రెండోదాని బేస్‌ని మైనస్ 11 దగ్గరికి లాగుతుంది. జంక్షన్ జీనర్ డయోడ్‌లా రివర్స్‌లో కండక్ట్ చేసి కెపాసిటర్‌ని త్వరగా ఖాళీ చేస్తుంది, లెక్క కన్నా వేగంగా మెరుస్తుంది. ట్రాన్సిస్టర్ వెంటనే చావదు, కానీ గెయిన్ మెల్లగా పడిపోతుంది. ప్రతి బేస్‌కి సిరీస్‌లో 1ఎన్4148 డయోడ్ వేయండి, గీత బేస్ వైపు. 5 వోల్టుల సప్లైకి ఆ అవసరమే లేదు.

కొనేటప్పుడు ఒంటి మీద నంబరు చదవండి. బీసీ548 చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది, కానీ దాని వీసీఈఓ 30 మాత్రమే. బీసీ546ది 65. కరెంటు దిశ తిరగబడే పీఎన్‌పీ రకం బీసీ557కి బీసీ547 అంకెలే మైనస్ గుర్తుతో ఉంటాయి, అది దిశ చెప్పడానికే. దాని వీఈబీఓ మాత్రం 5.