అంతరిక్ష కాలనీలో తిరుగుబాటు వస్తే అసలు పోరు దేనికోసం?

కాలనీ కథల్లో తుపాకీ పేలగానే గోడకు బొక్క పడి జనమంతా బయటికి కొట్టుకుపోతారు, నిజంగా అంతేనా అని అలాంటి తిరుగుబాటు కథ రాస్తున్న ఒకరు అడిగారు. చిన్న బొక్కైతే అలా జరగదు. 2018 ఆగస్టులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి ఆనుకుని ఉన్న సోయుజ్ నౌకలో సుమారు 2 మిల్లీమీటర్ల రంధ్రం కనబడితే టేపు, ఎపాక్సీ జిగురు పెట్టి మూసేశారు. గాలి మెల్లగా తగ్గుతుంది, వెతకడానికి టైమ్ ఉంటుంది. కథకు ఆ టెన్షనే బాగుంటుందని నా లెక్క.

అసలు పోరు గాలి యంత్రం దగ్గర. మనిషికి రోజుకు దాదాపు 0.84 కిలోల ఆక్సిజన్ కావాలి. వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను తీసేయకపోతే, ఆక్సిజన్ ఉన్నా తలనొప్పి, మగత వస్తాయి. భూపాలపల్లి బొగ్గు బాయిల్లో దిగేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, పైన పెద్ద ఫ్యాన్ ఆగితే మనుషుల్ని బయటికి తీసుకురావాల్సిందే. కానీ బాయి కార్మికులు సమ్మె చేసి ఇంటికి పోవచ్చు. అంగారకుడి మీద సమ్మె చేసినా పీల్చేది అదే గాలి. అందుకే యంత్రాన్ని ఏ వర్గమూ పగలగొట్టదు, స్విచ్ ఎవరి చేతిలో ఉండాలన్నదే గొడవ.

కథలో తిరుగుబాటుకు కారణం కోసం దూరం పోనక్కర్లేదు. కరువులో కప్పం కట్టమన్నందుకే సమ్మక్క, సారలమ్మ కాకతీయ సైన్యంతో పోరాడారని మేడారంలో చెప్పుకుంటారు. కప్పం బదులు నీళ్ల కోటా పెట్టుకోండి.

భూమి నుంచి బలగాలు వస్తాయా? అంగారకుడికి కబురు చేరడానికే 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది, మనుషులు చేరడానికి నెలలు.