లారీలు లేని రోడ్డు మీద సైకిల్

ప్రశ్న: మాది నల్లగొండ. పొద్దున్నే సైకిల్ తొక్కాలని ఉంది గానీ హైవే ఎక్కితే లారీలతో టెన్షన్. ప్రశాంతమైన రోడ్లు ఉన్నాయా? గేర్ల సైకిల్ కొనాలా?

జవాబు: ఉన్నాయండీ, మీ పక్కనే. ముందు పానగల్లు వైపు వెళ్లండి, ఛాయా సోమేశ్వరాలయం, ఉదయ సముద్రం చెరువు రెండూ చూడొచ్చు. కాళ్లకు అలవాటయ్యాక 65, 565 నంబర్ల జాతీయ రహదారులను వదిలేసి, చెలకల మధ్య ఎక్కుతూ దిగుతూ ఊరి నుంచి ఊరికి పోయే పంచాయతీరాజ్ రోడ్లు పట్టుకోండి, అసలు ఆనందమంతా అక్కడే ఉంది. గేర్లు తప్పనిసరి కాదు, ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం మోకాళ్లకు చాలా సాయం. టైరు వెడల్పు 32 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకోండి. సర్కారు తుమ్మ ముళ్లు ఎక్కడైనా ఉంటాయి, స్పేర్ ట్యూబు, పంపు దగ్గరుంచుకోవాలి.

వరి కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. వాటి మీద నుంచి దయచేసి తొక్కకండి, అది రైతు ఆరు నెలల కష్టం. కుప్పల చుట్టూ పెట్టిన రాళ్లు చీకట్లో కనిపించవు కాబట్టి తెల్లారాకే బయల్దేరండి. కుక్కలు వెంటపడితే స్పీడు పెంచొద్దు, దిగి సైకిల్‌ను అడ్డం పెట్టుకుని మెల్లగా నడవండి. ఎండాకాలంలో ఎనిమిదింటికల్లా ఇల్లు చేరాలి.