విజన్ రాసే ముందు, మీ సరుకు మీ వాళ్ళు ఇంటికి తీసుకెళ్తారో లేదో అడగండి

15 మంది పనిచేసే చోట అందరికీ ఒకే ఆశయం ఉండేలా ఎలా చేయాలి, విజన్ స్టేట్‌మెంట్, అంటే సంస్థ ఆశయం చెప్పే రాత, ఎంత పొడుగుండాలి అని మీరు అడిగారు. మీటింగ్ పెడితే అందరూ తలలూపి, మర్నాడు ఎవరి పని వాళ్ళు చేసుకుపోతున్నారని కూడా రాశారు. మా దగ్గర సరిగ్గా అదే జరిగింది.

మాది తూర్పు గోదావరిలో చిన్న పచ్చళ్ళ యూనిట్. ఏడాది వ్యాపారంలో పెద్ద భాగం ఎండాకాలం ఆ ఆరు వారాల ఆవకాయతోనే. మొదట్లో నేనూ ఒక సలహాదారుడికి డబ్బు కట్టి, ఇంగ్లీషులో మూడు వరుసల విజన్ రాయించి, ఫ్రేము కట్టించి ఆఫీసు గదిలో తగిలించాను. దాని పక్కనే బోర్డు మీద రోజు టార్గెట్: 300 కిలోలు. ఫ్రేములో ఏముందో కాయలు కొట్టే ఆడవాళ్ళలో ఒక్కరికీ తెలియదు. బోర్డు మీది అంకె మాత్రం అందరికీ తెలుసు.

ఒక మే నెలలో రెండు రోజులు అకాల వర్షం పడింది, కరెంటు పోయింది. ఆవకాయ పెట్టిన ఇల్లు ఏదైనా ఈ సంగతి చెబుతుంది: జీడి తీసి, పొర తీసి, ముక్కను పొడిగుడ్డతో తుడవాలి, చెమ్మ తగిలితే బూజు పడుతుంది. ఆ రోజు గుడ్డలు ఆరలేదు. ఆ తడిగుడ్డలతోనే తుడిచి 300 కిలోలూ కలిపేశారు. మూడు వారాలకు సీసాలు తిరిగి రావడం మొదలైంది. మూత తీస్తే తెల్లగా బూజు. ఆ వాసన నాకింకా గుర్తే.

మేమంతా పిన్నిగారూ అని పిలిచే ఒక పెద్దావిడ ఉన్నారు, ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని. "తెలిసీ ఎందుకు చెప్పలేదు పిన్నిగారూ?" అని అడిగాను. "బోర్డు మీద 300 అని రాశారు కదండీ. గుడ్డ ఆరలేదని ఆపితే ఆ లెక్క తప్పుద్ది. మీరు కోప్పడతారని ఊరుకున్నామండీ" అన్నారు. కోప్పడేవాణ్ణే. అందుకే ఆ మాట అంత గుచ్చుకుంది.

ఆ సాయంత్రం అందరం షెడ్డులో కింద కూర్చున్నాం. విజన్ ఊసెత్తలేదు. ఒక్కటే అడిగాను, మన ఆవకాయ మీలో ఎంతమంది ఇంటికి తీసుకెళ్తున్నారు అని. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకావిడ, మేం ఇంట్లో విడిగా పెట్టుకుంటామండీ అంది. ఎందుకని అడిగితే ఒక్కొక్కటీ బయటికొచ్చింది. నువ్వులనూనెలో వేరే నూనె కలుపుతున్నాం. ఆవపిండి పాతది. కాయ ముదరకముందే కొంటున్నాం. ఇవన్నీ ఖర్చు తగ్గించడానికి నేను తీసుకున్న నిర్ణయాలే. మాకు నిజంగా ఉమ్మడి ఆశయమంటూ ఒకటి పుట్టింది ఆ రాత్రే, అదీ వాళ్ళ నోటినుంచి: మనింట్లో తినేదే బయటికి పంపుదాం.

మాట దొరికితే సరిపోదు. జీతం ఆ మాటకు ఎదురు నిలబడకూడదు. కాయలు కొట్టేవాళ్ళకు కిలో లెక్కన ఇచ్చేవాణ్ణి. కిలో లెక్కన కూలి ఇస్తూ జాగ్రత్తగా చేయండి అంటే ఎవరు వింటారు? రోజుకూలికి మార్చాను. నూనె మార్చాను, ధర పెంచాను, రెండు షాపులు మానేశాయి. చాలామంది యజమానులు ఇక్కడే వెనక్కి తగ్గుతారు. రిసార్టుకి తీసుకెళ్ళి ఆటలాడించడానికి లక్షలు పెడతారు గానీ, కూలి లెక్క మార్చమంటే మాత్రం ఒప్పుకోరు. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం.

రెండోది, తేడా కనబడితే ఎవరైనా పని ఆపొచ్చన్నాను. టయోటా ఫ్యాక్టరీల్లో కార్లు బిగించే లైను పక్కన తాడో, బటనో ఉంటుంది. లోపం కనిపిస్తే మామూలు కార్మికుడు కూడా దాన్ని లాగొచ్చు, నొక్కొచ్చు, అక్కడికక్కడ సరిచేయలేకపోతే లైను ఆగుతుంది. మరుసటి సీజన్లో లేబుళ్ళు అంటించే కుర్రాడు ఉప్పు బస్తా చెమ్మగా ఉందని కలపడం ఆపించాడు. బయట లారీ ఎదురుచూస్తోంది. నాకు లోపల టెన్షన్. అందరూ చేతులాపి నా ముఖమే చూస్తున్నారు. "మంచిపని చేశావురా" అన్నాను. సగం రోజు పోయింది. ఆ ఒక్క నిమిషం నేను విసుక్కుని ఉంటే, షెడ్డులో అనుకున్నదంతా అక్కడితో సరి.

పెద్ద సంస్థలకు ఇది కుదరదని కొందరంటారు, నేను ఒప్పుకోను. మదురైలో డాక్టర్ వెంకటస్వామి ప్రభుత్వోద్యోగం నుంచి రిటైరయ్యాక, 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. నివారించదగ్గ అంధత్వం ఉండకూడదు, అదీ ఆశయం. పల్లెల నుంచి ఆడపిల్లల్ని తీసుకుని, శిక్షణ ఇచ్చి, పరీక్షల పని చాలావరకు వాళ్ళ చేతుల్లో పెట్టారు. డబ్బివ్వగలిగినవాళ్ళ ఫీజుతో ఇవ్వలేనివాళ్ళకు ఆపరేషన్లు జరుగుతాయి. అక్కడ ఆశయం వేరు, రోజువారీ పని వేరు కాదు.

మీరు ఏ వ్యాపారమో రాయలేదు. ఏదైనా సరే, మన సరుకు మీరు ఇంటికి తీసుకెళ్తారా అన్న ఆ ప్రశ్న ముందు మీ వాళ్ళను అడిగి, జవాబు వచ్చేదాకా మీరు నోరు విప్పకండి. మొదటి రోజే చెప్పకపోవచ్చు. మా వాళ్ళు చెప్పడానికి 300 కిలోలు పారబోయాల్సి వచ్చింది.

ఇక ఎంత పొడుగుండాలి అన్నారు కదా. మాది నాలుగు మాటలు. ఫ్రేము తీసేశాం. గోడౌన్ తలుపు మీద సుద్దముక్కతో రాసుకున్నాం. వాన జల్లుకు చెరిగిపోతుంటుంది, ఎవరో ఒకరు మళ్ళీ రాస్తుంటారు.