విక్టోరియా కాలపు కార్డులు, పత్రిక రేపర్లు: కత్తెర వేసే ముందు చూడాల్సినవి

ఒకరు తమ పాత పెట్టెలో విక్టోరియా రాణి బొమ్మ అచ్చయిన కార్డులు, కవర్లు, పత్రికలకు చుట్టిన కాగితపు పట్టీలు (రేపర్లు) దొరికాయన్నారు. స్టాంపు వరకు కత్తిరించి ఆల్బంలో పెట్టుకోవచ్చా, వీటిలో అరుదైనవి ఏవో ఎలా తెలుస్తుంది అని అడిగారు.

మొదటి ప్రశ్నకు జవాబు: వద్దు, కత్తెర పక్కన పెట్టేయండి. పోస్టల్ స్టేషనరీలో, అంటే తపాలా శాఖ స్టాంపుతో సహా అచ్చేసి అమ్మే కార్డులు, కవర్లు, పట్టీల్లో, స్టాంపు విడిగా ఉండదు, కాగితం మీదే అచ్చయి ఉంటుంది. అంటే కాగితం మొత్తం కలిపితేనే వస్తువు. వెనకటి సేకర్తలు ఆల్బం గడిలో పట్టేలా ఆ బొమ్మను చదరంగా కోసుకునేవారు. వాటినే కట్ స్క్వేర్ అంటారు. కోయనిదాన్ని ఎంటైర్ అంటారు. కోసిన ముక్కకు ఎంటైర్ ధరలో చాలాసార్లు చిన్న వంతు కూడా రాదు. కాగితం కొలత, కవరు మడతల ఆకారం, చిరునామా, దారిలో పడిన ముద్రలు అన్నీ కత్తెరతో పాటే పోతాయి. అది ఏ విడుదలో, ఏ రేటుకు వెళ్ళిందో తేల్చేది అవే.

ఇక అరుదు సంగతి. బ్రిటిష్ ఇండియాలో అచ్చు స్టాంపు కవర్లు 1850ల నడుమ వచ్చాయి, అర అణావి, అణావి. పోస్టుకార్డు 1879 జూలై 1న వచ్చింది. దేశం లోపలైతే పావు అణా, విదేశాలకు అణాన్నర. లండన్‌లోని డి లా రూ సంస్థ అచ్చువేసేది. వాడిన పావు అణా కార్డులు లెక్కలేనన్ని మిగిలాయి, కాబట్టి "నూట నలభై ఏళ్ళ నాటిది" అన్న మాట విని ఎక్కువ డబ్బు పెట్టకండి. వయసు వేరు, అరుదు వేరు. ధర పలికేవి వేరే ఉన్నాయి: జవాబుకు ఇంకో కార్డు కలిపి వచ్చే జవాబు కార్డుల్లో రెండు సగాలూ విడిపోనివి, స్పెసిమెన్ (నమూనా) అని అడ్డంగా అచ్చు పడినవి, ఏడెన్, మస్కట్, బుషైర్, జాంజిబార్ వంటి చోట్ల ఉన్న భారతీయ తపాలా కార్యాలయాల ముద్రతో వెళ్ళినవి. కార్డు మామూలుదే అయినా ముద్ర వల్ల విలువ వస్తుంది. అందుకే ముద్ర చదవడం నేర్చుకోవడానికే ఎక్కువ సమయం పెట్టండి.

రేటు చదవడం కూడా అంతే ముఖ్యం. పావు అణా కార్డు రేటు 1922లో అర అణా అయింది. ఆ తర్వాతి తేదీతో వెళ్ళిన పావు అణా కార్డు మీద ఇంకో పావు అణా స్టాంపు అంటించి ఉండాలి. లేకపోతే తక్కువైన మొత్తానికి డ్యూ (బాకీ) ముద్ర కనిపించాలి. రెండూ లేకపోతే తేదీని మళ్ళీ చదవండి. అదీ సరిగ్గానే ఉంటే ముద్రనే అనుమానించండి.

పత్రిక పట్టీల దగ్గరే చాలామంది పొరబడతారు. అచ్చు స్టాంపు ఉన్న రేపరు అమెరికాలో 1861లో, బ్రిటన్‌లో 1870 అక్టోబరు 1న అర పెన్నీ కార్డుతో పాటు వచ్చింది. బ్రిటిష్ వలసల్లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా, ఇంకా న్యూజిలాండ్, దక్షిణాఫ్రికాలోని కేప్, సిలోన్ కూడా వేశాయి. మన ఇళ్ళలో దొరికేవి ఎక్కువగా పత్రికవాళ్ళు సొంతంగా అచ్చేయించుకుని, విడిగా స్టాంపు అంటించి పంపినవి. అవి పోస్టల్ స్టేషనరీ లెక్కలోకి రావు, అయినా పారేయకండి. మచిలీపట్నం కృష్ణాపత్రికో, కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్రపత్రికో చందాదారుకు వచ్చిన పట్టీ పేరుతో సహా నిలిచి ఉంటే తపాలా చరిత్ర సేకర్తలకు అది పనికొస్తుంది.

రేపర్లు మిగలకపోవడానికి కారణం వాటి తీరే. తపాలావాళ్ళు లోపల ఉత్తరం దాచారేమో చూడటానికి వీలుగా రెండు చివర్లూ తెరిచే ఉండాలి, అందుకని పట్టీ ఒక అంచుకే జిగురు ఉంటుంది. పత్రిక అందినవాడు పట్టీని చింపి అవతల పారేస్తాడు. కాబట్టి వాడిన రేపరు కొనేటప్పుడు చిన్న చిరుగుకు బెంగపడకండి. చిరుగు ముద్రిత స్టాంపులోంచి పోయిందా, పట్టీ పూర్తి పొడవుందా అన్న రెండే చూడండి. పొడవు తగ్గిందో లేదో జిగురు అంచు చెబుతుంది. ఆ అంచే లేకపోతే ఎవరో కత్తిరించారన్నమాట.

చుట్టుకుపోయి బిగుసుకున్న పట్టీని చేత్తో లాగితే మడత వెంట పుటుక్కున విరుగుతుంది. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా అడుగున తడిపి పిండిన అద్దుడు కాగితం పరవండి. దాని పైన తగలకుండా ప్లాస్టిక్ జాలీ పెట్టి, పట్టీని జాలీ మీద ఉంచి మూత వేయండి. గంటకోసారి చూస్తుంటే కొన్ని గంటల్లో మెత్తబడుతుంది. రాత్రంతా వదిలేస్తే బూజు పట్టే ప్రమాదం ఉంది. మెత్తబడ్డాక రెండు పొడి అద్దుడు కాగితాల మధ్య పెట్టి పైన బరువుంచండి. అద్దుడు కాగితాలు మొదటి రోజు రెండుమూడుసార్లు మార్చాలి. రెండు చోట్ల ఈ పని చేయకూడదు: వాడని, జిగురు చెక్కుచెదరని రేపరుకు (తేమకు తనకు తానే అంటుకుపోతుంది), ఊదా సిరాతో రాసినదానికి (ఆ రంగు పాకుతుంది). నీళ్ళలో నానబెట్టడం మాత్రం దేనికీ వద్దు.

నకిలీలు ఎక్కువగా సంస్థానాల ఓవర్‌ప్రింట్లలో (బ్రిటిష్ ఇండియా కార్డు మీదే సంస్థానం పేరు అదనంగా అచ్చేసినవాటిలో) తగులుతాయి: పటియాలా, గ్వాలియర్, జింద్, నాభా, ఫరీద్‌కోట్, చంబా. మామూలు బ్రిటిష్ ఇండియా కార్డు మీద ఆ పేరు అచ్చు కొడితే ధర పెరుగుతుంది కదా, అదీ ఆశ. వాడిన కార్డయితే పది రెట్ల భూతద్దంలో తపాలా ముద్ర, ఓవర్‌ప్రింటు కలిసే చోటు చూడండి. ఓవర్‌ప్రింటు సిరా ముద్ర మీదికి ఎక్కి ఉంటే అది తర్వాత కొట్టినదే. పాత అచ్చులో అక్షరం అంచున సిరా గట్టులా పేరుకుని, కాగితం కాస్త నొక్కుకుని ఉంటుంది. ఇంక్‌జెట్‌లో రంగు చుక్కలు కనిపిస్తాయి. అతినీలలోహిత లైటు కింద కాగితం నీలి తెలుపుగా మెరిస్తే ఆగండి. ఆ మెరుపునిచ్చే రసాయనాలు కాగితంలో మామూలైంది 1950 ప్రాంతంలో. సబ్బుతో ఉతికిన గుడ్డ తగిలినా ఒక మూల మెరవొచ్చు, కాబట్టి మొత్తం మెరుస్తోందా, మచ్చగానా అని చూడండి.

దాచడానికి పాలిస్టర్ తొడుగులు తీసుకోండి. పీవీసీ తొడుగు కొన్నేళ్ళకు జిగటగా మారి అచ్చును పీక్కుంటుంది; కొత్త టేబుల్ క్లాత్ వాసన వచ్చేదైతే కొనకండి. సెల్లోటేపు, లామినేషన్, హింజిలు (స్టాంపులు అంటించే జిగురు కాగితపు ముక్కలు) ఏవీ వద్దు, మూలలకు ఫొటో కార్నర్లు చాలు. కార్డులను నిలువుగా, మరీ బిగించకుండా పెట్టండి. వానాకాలంలో పెట్టెలో సిలికా జెల్ సంచి వేసి, రంగు మారినప్పుడల్లా వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు.