సీసీఆర్ఎన్ పరీక్షకి డబ్బులు ఎక్కడ పెట్టాలి, కోర్సుకా టైముకా?

ఈ వారం ప్రశ్న డాలస్ దగ్గర నుంచి, ఒక ఐసీయూ నర్స్ రాశారు. వారానికి మూడు నైట్లు, ఒక్కోటి 12 గంటలు, గంటకి 44 డాలర్లు. నెలకి రెండు ఎక్స్‌ట్రా షిఫ్టులు చేస్తారు, ఆ డబ్బులోంచి ఊళ్ళో అమ్మానాన్నలకి 600 పంపి మిగతాది కారు లోనుకి కడతారు. సీసీఆర్ఎన్ (ఐసీయూ నర్సులకి ఇచ్చే సర్టిఫికేషన్) పాసైతే హాస్పిటల్ గంటకి డాలరున్నర పెంచుతుందట. "రివ్యూ ప్యాకేజీ ఒకటి 1,100 డాలర్లు ఉంది, క్రెడిట్ కార్డు మీద తీసుకుందామని నేనంటున్నా. ప్యాకేజీ సంగతి తర్వాత, ముందు మూడు నెలలు వారానికి రెండు షిఫ్టులకి తగ్గి చదువుకో అని మావారు అంటున్నారు. పిల్లలిద్దరూ చిన్నవాళ్ళు. ఏది చెయ్యమంటారు అన్నయ్యా?" అని.

రెండూ వద్దు చెల్లెమ్మా. బావగారు చెప్పిందాంట్లో సగం మాత్రం కరెక్టు, అది చివర్లో కాదు ఇప్పుడే చెప్తా. మీకు కావాల్సింది కోర్సు కాదు, టైము. ఆ విషయం ఆయన పట్టుకున్నారు, కానీ టైముని మరీ ఎక్కువ రేటుకి కొంటున్నారు.

వారానికి ఒక షిఫ్టు తగ్గితే 528 డాలర్లు పోతాయి, 13 వారాలకి 6,864. పైగా చాలా హాస్పిటళ్ళలో 24 గంటలకి దిగగానే మీరు పార్ట్ టైం లెక్కలోకి వెళ్తారు, ఇన్సూరెన్స్ ప్రీమియం మారిపోతుంది, మళ్ళీ ఫుల్ టైంకి రావాలంటే పొజిషన్ ఖాళీ ఉండాలి. పిల్లలు మీ ఇన్సూరెన్స్ మీదే ఉంటే ఇక ఆ మాటే ఎత్తొద్దు. పరీక్షకి అర్హత గంటల విషయంలో మాత్రం భయం లేదు, రెండేళ్ళలో 1,750 గంటలు, అందులో చివరి ఏడాది 875 ఉంటే చాలు, మీకు ఏడాదికే 1,872 అవుతున్నాయి.

ఇప్పుడు ఎక్స్‌ట్రా షిఫ్టు సంగతి. నాలుగో షిఫ్టు మొత్తం టైం అండ్ హాఫ్, అంటే ఒకటిన్నర రేటు, అనుకుంటారు చాలామంది, కాదు. మీవి 36 గంటలు కాబట్టి మొదటి 4 గంటలు మామూలు రేటే, 40 దాటిన 8 గంటలకే 66 డాలర్లు. అంటే 176, 528 కలిపి 704. మీ ఇద్దరి జీతాలు కలిపితే 22 శాతం శ్లాబులో పడతారని అనుకుంటున్నా, సోషల్ సెక్యూరిటీ మెడికేర్ 7.65 తీసేస్తే చేతికి 495 దాకా వస్తుంది, టెక్సాస్ కాబట్టి స్టేట్ టాక్స్ లేదు. నైట్ డిఫరెన్షియల్ (నైట్ చేసినందుకు ఇచ్చే అదనపు రేటు) వదిలేసి చెప్తున్నా. ఓవర్‌టైం మీద టాక్స్ తీసేశారు కదా అంటారేమో, 2025 నుంచి 2028 దాకా ఉన్న ఆ మినహాయింపు ఓవర్‌టైంలో ఆ పైన "సగం" ముక్కకే, అంటే షిఫ్టుకి 176 డాలర్లకే, రిటర్న్ వేసేటప్పుడు ఒక 38 డాలర్లు వెనక్కొస్తాయి, అంతే.

సో ఒక ఎక్స్‌ట్రా నైట్ మానేస్తే మీకు పోయేది 495. మరి దొరికేదేంటి? 12 గంటలు అనుకోకండి, మర్నాడు పగలు కూడా దొరుకుతుంది. మా ఆవిడ ఐసీయూ కంటే ఒక మెట్టు కింద ఉండే స్టెప్‌డౌన్ యూనిట్‌లో నర్సు, తను పీసీసీఎన్ (ఆ యూనిట్ నర్సులకి ఇలాంటి పరీక్షే) రాసినప్పుడు ఇంట్లో చూశా కదా. నైట్ నుంచి పొద్దున ఎనిమిదింటికి వచ్చి, స్క్రబ్స్ కూడా మార్చుకోకుండా డైనింగ్ టేబుల్ మీద ఫోన్ పెట్టుకుని నాలుగు ప్రశ్నలు చేసేది, ఐదో ప్రశ్న చదువుతూ చదువుతూ టేబుల్ మీదే తల వాల్చేసేది, ఆ నాలుగు ప్రశ్నలు సాయంత్రానికి ఒక్కటి గుర్తుండేది కాదు. షిఫ్టు లేని రోజు నిద్ర పట్టి లేచాక గంటన్నర కూర్చుంటే అదే పని రెట్టింపు అయ్యేది. మేం కూడా అప్పట్లో ఒక ఖరీదైన కోర్సు కొన్నాం లెండి, నేనే కొనిపించా, పెద్ద ఫైనాన్షియల్ ప్లానర్‌ని. అందులో తను చూసింది రెండు వీడియోలు.

అందుకే నా ప్లాన్ ఇది. అప్లై చెయ్యడానికి ముందు మూడు నెలలు, నెలకి రెండు కాకుండా మూడు ఎక్స్‌ట్రా షిఫ్టులు చెయ్యండి. ఎక్కువైన మూడింటి డబ్బు, 1,485, వేరే సేవింగ్స్ అకౌంట్‌లో పడెయ్యండి, చెకింగ్‌లో ఉంచితే అమెజాన్ బాక్సులై గుమ్మంలోకి వచ్చేస్తుంది. తర్వాత చదివే మూడు నెలలు నెలకి ఒక్క ఎక్స్‌ట్రానే చెయ్యండి, తగ్గిన 495 ఆ అకౌంట్‌లోంచి ప్రతి నెలా తీసుకోండి. అమ్మానాన్నలకి 600 ఆగదు, కారు లోను ఆగదు, కార్డు జోలికి వెళ్ళక్కర్లేదు. ముందు మూడు నెలలు ఒళ్ళు హూనం అవుతుంది, అది నిజం, అందుకే పిల్లలకి సెలవులున్నప్పుడో, మీ వాళ్ళెవరైనా వచ్చి ఉన్నప్పుడో పెట్టుకోండి. అస్సలు కుదరదనిపిస్తే ఎక్కువైన ఆ మూడింటిలో రెండే చేసి దాచండి, చదివే మూడో నెలలో మాత్రం ఎక్స్‌ట్రా తగ్గించకండి, అంతే.

ఈ ఆర్డర్ తిరగేయొద్దు, ఎందుకంటే అప్లికేషన్ అప్రూవ్ అయ్యాక పరీక్ష రాయడానికి 90 రోజులే టైము. చాలామంది "డబ్బు కట్టేస్తే భయంతోనైనా చదువుతాం" అని ముందు ఫీజు కట్టేస్తారు, తర్వాత ఆ 90 రోజుల్లోనే షిఫ్టులు కూడా లాగాల్సొస్తుంది, ఎందుకంటే డబ్బు అప్పటికి దాచలేదు కాబట్టి.

ఫీజు, ఈ పరీక్ష పెట్టే నర్సుల సంఘం ఏఏసీఎన్ మెంబర్లకి 250 డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది, మెంబర్ కాకపోతే వంద పైనే ఎక్కువ, ఏఏసీఎన్ మెంబర్‌షిప్ ఏడాదికి వంద లోపే. అంటే ముందు మెంబర్ అయ్యి తర్వాత అప్లై చేస్తేనే లాభం, ఇందులో ఆలోచించడానికేం లేదు. కానీ పైసా కట్టకముందు మీ యూనిట్ ఎడ్యుకేటర్‌ని మూడు అడగండి. హాస్పిటల్ దగ్గర ఎగ్జామ్ వోచర్లు ఉన్నాయా, ఏఏసీఎన్ దగ్గర వాటిని బల్క్‌లో కొనే హాస్పిటళ్ళు ఉంటాయి. క్వశ్చన్ బ్యాంక్ గానీ రివ్యూ క్లాస్ గానీ స్టాఫ్‌కి ఫ్రీగా ఉందా. ఫీజు తిరిగి ఇస్తే పాసైతేనే ఇస్తారా, రసీదు ఎన్ని రోజుల్లో ఇవ్వాలి, ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కట్టాలా. మాగ్నెట్ హోదా (మంచి నర్సింగ్‌కి ఇచ్చే గుర్తింపు) ఉన్న హాస్పిటళ్ళకి, దానికి అప్లై చేస్తున్నవాటికి సర్టిఫైడ్ నర్సుల సంఖ్య పెరగడం కావాలి, కాబట్టి మొహమాటపడి అడగడం మానేయకండి, మీరు వాళ్ళ పని కూడా చేసి పెడుతున్నారు.

సొంత డబ్బు పెడితే టాక్స్‌లో చూపించుకోవచ్చా అని ఇంకో చెల్లెలు కూడా అడిగింది. ఉద్యోగులకి ఆ డిడక్షన్ 2018 నుంచి లేదు, 2025లో దాన్ని శాశ్వతంగానే తీసేశారు. హాస్పిటల్ పాలసీ ప్రకారం రసీదు పెట్టి తీసుకునే డబ్బుకి మాత్రం మామూలుగా టాక్స్ పడదు. కాబట్టి వాళ్ళిచ్చే 250కి విలువ ఎక్కువ.

1,100 ప్యాకేజీ అయితే కార్డు మీద 24 శాతం అనుకుంటే మొదటి నెలే 22 డాలర్లు వడ్డీ, మినిమం కడుతూ పోతే అసలు కదలదు. ఒక పుస్తకం, ఒక క్వశ్చన్ బ్యాంక్ కొనుక్కోండి చాలు. నెల రోజులు ఆ ప్రశ్నలు చేశాక ఫలానా చోట పదే పదే తప్పుతున్నాను అని తెలిస్తే అప్పుడు ఆ ఒక్క టాపిక్‌కి క్లాసు కొనండి. 401కే (రిటైర్మెంట్ పొదుపు) ఆపి ఈ ఖర్చు పెడదాం అని మాత్రం అనకండి, కంపెనీ మ్యాచ్ పోతుంది.

పరీక్ష ముందు రాత్రి షిఫ్టు వద్దు, పీటీఓ (జీతంతో సెలవు) పెట్టండి. ఇక్కడో చిన్న మెలిక, ఆ వారం "ఒక్క నైట్ వస్తావా" అని మేనేజర్ మెసేజ్ పెడితే ఒప్పుకోకండి. పీటీఓ గంటలు పని చేసిన గంటల కింద లెక్కకి రావు, చాలాచోట్ల అంతే. కాబట్టి 24 గంటలు చేసి 12 పీటీఓ పెట్టి ఇంకో 12 చేస్తే ఆ 12కీ మామూలు రేటే, 704 వస్తుందనుకున్నది 528 అవుతుంది.

ఇక పెరిగే జీతం. డాలరున్నర చొప్పున 1,872 గంటలకి 2,808, చేతికి 1,975 దాకా. మీరు వదులుకున్న మూడు నైట్లు, ఫీజు, పుస్తకం అన్నీ కలిపినా ఇంచుమించు మొదటి ఏడాదికే తిరిగొచ్చేస్తాయి, సర్టిఫికేషన్ మూడేళ్ళు ఉంటుంది, తర్వాత రెన్యూ చేసుకోవాలి. అదే హాస్పిటల్ ఒకేసారి 1,000 బోనస్ అంటే మాత్రం 22 శాతం, 7.65 పోయి 703 చేతికొస్తుంది, అప్పుడు లెక్క వేరే, అందుకే ఆ డాలరున్నర మాట హెచ్‌ఆర్ నుంచి మెయిల్‌లో రాయించుకోండి.

ఒకవేళ ఫెయిలైతే? మళ్ళీ రాసే ఫీజు తక్కువే ఉంటుంది, అకౌంట్‌లో ఒక 200 అలా ఉంచండి, అంతకు మించి ఇప్పుడు ఆలోచించొద్దు.

పాసైన రోజు ఇంకో పని. మా ఆవిడ పాసయ్యింది, కేక్ తెచ్చాం, ఫొటోలు పెట్టాం, సర్టిఫికెట్ కాపీ హెచ్‌ఆర్‌కి పంపడం ఇద్దరం మర్చిపోయాం. ఆరు వారాల తర్వాత పే స్టబ్ చూస్తే పాత రేటే ఉంది. వెనకటి తేదీ నుంచి ఇవ్వరు అన్నారు, గంటకి డాలర్ లెక్కన 216 పోయింది, తప్పు మాదే. మీరు పార్కింగ్ లాట్‌లో కారు తియ్యకముందే ఆ మెయిల్ కొట్టెయ్యండి, ఆ తర్వాత బావగారికి ఫోన్ చెయ్యండి.