ఇండెక్స్‌డ్‌డీబీలో దాచిన జాబితా వరుస మారిపోతోంది, ఎలా నిలుపుకోవాలి?

జాబితాను సర్వర్ పంపిన వరుసలోనే ఇండెక్స్‌డ్‌డీబీలో (బ్రౌజర్‌లోనే ఉండే డేటాబేస్) పుట్ చేశాను, అంటే రాశాను, ఆఫ్‌లైన్‌లో గెట్‌ఆల్‌తో అన్నీ చదివితే మాత్రం ఐడీ వరుసలో వస్తోంది, ఎందుకని అడిగారు. మీరు ఏ వరుసలో పెట్టారన్నది ఆబ్జెక్ట్ స్టోర్ (రికార్డులు ఉండే పట్టిక లాంటిది) గుర్తుపెట్టుకోదు. రికార్డులను ఎప్పుడూ కీ ప్రకారం, చిన్నదాని నుంచి పెద్దదానికి అమర్చుకుంటుంది. మీ కీపాత్ (కీగా వాడే ఫీల్డు) ఐడీ కాబట్టి ఐడీ వరుసే వస్తుంది. సర్వర్ వరుస కావాలంటే దాన్ని కూడా డేటాలో రాసుకోవాలి.

ఆటోఇంక్రిమెంట్‌తో, అంటే రాసే కొద్దీ డేటాబేసే ఇచ్చే వరుస నంబర్లతో సరిపెట్టకండి. రెండు పేజీలు ఒకేసారి తెప్పిస్తే ఏది ముందు చేరితే దానికి ముందు నంబర్లు పడతాయి. పైగా సర్వర్లో వరుస మారినా పాత రికార్డుల నంబర్లు మారవు.

ప్రతి రికార్డుకూ జాబితా పేరు, స్థానం అని రెండు ఫీల్డులు చేర్చండి. స్థానం అంటే పేజీ నంబరు ఇంటూ పేజీ సైజు, ప్లస్ పేజీలోని వరుస సంఖ్య, రెండూ సున్నా నుంచి లెక్క. పేజీకి 50 అయితే మూడో పేజీకి 100 నుంచి 149 వస్తాయి. ఈ రెండు ఫీల్డుల మీద [జాబితా, స్థానం] అని ఒక కాంపౌండ్ ఇండెక్స్ (రెండు ఫీల్డుల ప్రకారం రికార్డులను వరుసగా చూపే సూచిక) చేయండి. డేటాబేస్ వెర్షన్ పెంచి, అప్పుడు నడిచే ఆన్‌అప్‌గ్రేడ్‌నీడెడ్ ఫంక్షన్‌లోనే చేయాలి, మరోచోట కుదరదు. చదివేటప్పుడు రేంజ్ కింది హద్దు [జాబితా], పై హద్దు [జాబితా, []]. ఆ ఖాళీ అర్రే ఎందుకంటే, కీల పోలికలో నంబర్లు, తేదీలు, స్ట్రింగులు, బైనరీ, అర్రేలు ఈ క్రమంలో పెద్దవవుతాయి. ఖాళీదైనా సరే అర్రే ఏ నంబరు కన్నా పెద్దదే.

ఒకే ఐటమ్ రెండు జాబితాల్లో ఉంటే ఈ పద్ధతి దెబ్బతింటుంది, రెండో స్థానం మొదటిదాన్ని చెరిపేస్తుంది. అప్పుడు వేరే స్టోర్ పెట్టి, జాబితా పేరు కీగా, ఐడీల అర్రే విలువగా దాచండి. ఒకే ట్రాన్సాక్షన్‌లో (అన్నీ జరగడమో, ఏదీ జరగకపోవడమో అయ్యే పనుల గుంపు) ఐడీలన్నిటికీ గెట్ పిలిచి, ఒక్కోదాన్నీ ప్రామిస్‌గా (తర్వాత వచ్చే ఫలితానికి జావాస్క్రిప్ట్ ఇచ్చే ఆబ్జెక్ట్) చుట్టి ప్రామిస్.ఆల్‌కి ఇస్తే వరుస చెదరదు. కొన్ని వందల ఐటమ్‌ల వరకు నేనైతే దీన్నే ఎంచుకుంటాను. వేలల్లో ఉండి స్క్రోల్ చేస్తూ చదవాలంటే కాంపౌండ్ ఇండెక్సే మేలు.

రిఫ్రెష్ దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. నిన్న 120 రికార్డులు, ఈరోజు 90 వస్తే, పాతవి తీసేయకపోతే జాబితాలోంచి తప్పుకున్నవి పాత స్థానాలతో మధ్యలో దూరి కనిపిస్తాయి. పాతవి తీయడం, కొత్తవి రాయడం ఒకే రీడ్‌రైట్ ట్రాన్సాక్షన్‌లో జరగాలి, మధ్యలో ఏదైనా విఫలమైతే పాత జాబితా అలాగే మిగులుతుంది. అయితే ఫెచ్ (సర్వర్ నుంచి డేటా తెప్పించడం) పూర్తయ్యాకే ట్రాన్సాక్షన్ తెరవండి. లోపల ఫెచ్ కోసం అవెయిట్ చేస్తే, జవాబు వచ్చేలోపే ట్రాన్సాక్షన్ ముగిసిపోయి ట్రాన్సాక్షన్‌ఇన్‌యాక్టివ్‌ఎర్రర్ వస్తుంది.

స్థానం తప్పకుండా నంబరుగానే ఉండాలి. స్ట్రింగైతే "10" వచ్చి "9" కన్నా ముందు కూర్చుంటుంది. నల్, బూలియన్, నాన్ (NaN, నంబరు కాని విలువ), లేదా అసలు ఫీల్డే లేకపోవడం, వీటిలో ఏదైనా సరే ఆ రికార్డు ఇండెక్స్‌లోకి చేరదు. స్టోర్‌లో ఉంటుంది, జాబితాలో కనిపించదు, ఎర్రర్ కూడా రాదు. లెక్క తగ్గిందనిపిస్తే స్టోర్ కౌంట్, ఇండెక్స్ కౌంట్ పోల్చి చూడండి.

పేర్ల అక్షర క్రమం కూడా ఇండెక్స్‌కి వదలకూడదు. అది యూటీఎఫ్-16 కోడ్ విలువలను మాత్రమే పోలుస్తుంది, కాబట్టి వర్ణమాలలో హ తర్వాత రావాల్సిన ళ, ల పక్కనే వచ్చేస్తుంది. భాష వర్ణక్రమం ప్రకారం పోల్చే జావాస్క్రిప్ట్ సాధనం ఇంట్ల్.కొలేటర్‌తో ఒకసారి సార్ట్ చేసి, ఆ స్థానాన్నే దాచండి.

ఇంతా చేశాక కూడా ఐడీ వరుసే వస్తే సర్వర్ జవాబు చూడండి. ఐడీలే కీలుగా ఉన్న ఆబ్జెక్ట్ వస్తుంటే, పూర్ణాంకాల్లా ఉన్న కీలను జావాస్క్రిప్ట్ తానే ఆరోహణ క్రమంలో పెట్టేస్తుంది, వరుస డేటాబేస్‌కి చేరకముందే పోయిందన్నమాట. సర్వర్ నుంచి అర్రేగా తెప్పించుకోండి.