చంద్రుడు తగ్గేది భూమి నీడ వల్లేనా? వైజాగ్ బీచ్‌లో నిలబడితే తేలిపోతుంది

పున్నమి తర్వాత చంద్రుడు తగ్గేది భూమి నీడ పడటం వల్లేనా, అలాగైతే గ్రహణాన్ని విడిగా ఎందుకు చెబుతారు అని ఒకరు అడిగారు. తగ్గడానికీ భూమి నీడకీ ఏ సంబంధమూ లేదండి.

మాది వైజాగ్. మా పిల్లలకు ఇదే సందేహం వస్తే సాయంత్రం ఆర్.కె. బీచ్‌కి తీసుకెళ్లాను. మీరూ శుక్లపక్ష అష్టమి నాడు వెళ్లి చూడండి. పొద్దుగుంకే వేళ సూర్యుడు మన వెనక ఊరి మేడల చాటుకి దిగిపోతుంటాడు, సగం చంద్రుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. సూర్యుడు పడమట ఉంటే భూమి నీడ పడేది తూర్పుకి, సముద్రం వైపు. నడినెత్తిన ఉన్న చంద్రుడి మీదకి ఎలా వస్తుంది?

ఆ నీడ కంటికి కనిపిస్తుంది కూడా. డిసెంబరు, జనవరిలో ఆకాశం తేటగా ఉన్న రోజు, సూర్యుడు దిగిన కాసేపటికి సముద్రం అంచున చూడండి. ఎడమన కైలాసగిరి దగ్గర్నుంచి కుడికి, బూడిద కలిసిన నీలంరంగు పట్టీ ఒకటి లేస్తుంది. దాని మీద లేత గులాబీ చార. ఆ నీలం పట్టీయే గాలి మీద పడిన భూమి నీడ. చూస్తుండగానే పైకి పాకి, గులాబీ రంగు చెదిరి, చీకట్లో కలిసిపోతుంది. చాలామంది మంచు అనుకుని వదిలేస్తారు. వైజాగ్‌లో సూర్యాస్తమయం చూడాలంటే తూర్పుకే తిరగాలంటాను నేను.

చంద్రుడిలో సగం ఎప్పుడూ ఎండలోనే ఉంటుంది. ఆ సగంలో మనకి ఎంత కనిపిస్తే అంత చంద్రుడు. పంచాంగం లెక్కా ఇదే: సూర్యచంద్రుల మధ్య ఎడం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. శుక్ల విదియకి చంద్రుడు సూర్యుడి వెనకే పడమట దిగుతాడు. అష్టమికి ఎడం 90 దగ్గర, పున్నమి ముగిసేసరికి 180. అందుకే పున్నమికి ఇటు సూర్యుడు దిగుతుంటే అటు చంద్రుడు సముద్రంలోంచి లేస్తాడు. మర్నాడు సుమారు 50 నిమిషాలు ఆలస్యం, ఎందుకంటే భూమి ఒక చుట్టు తిరిగేలోపు ఆయన తూర్పుకి జరిగిపోతాడు.

పున్నమి నాడు మాత్రం చంద్రుడు నీడ ఉన్న దిక్కుకే వస్తాడు. మరి ప్రతి పున్నమికీ గ్రహణం ఎందుకు పట్టదంటే, చంద్రుడి దారి భూమి దారికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంది. అంటే ఆకాశంలో పది చంద్రబింబాలు పేర్చినంత. చంద్రుడున్నంత దూరంలో భూమి నీడ వెడల్పు మూడు బింబాలకి లోపే. అందుకని చాలాసార్లు పైనుంచో కిందనుంచో తప్పుకుని వెళ్లిపోతాడు. ఆ రెండు దారులూ కలిసే చోట్లనే మనవాళ్లు రాహుకేతువులన్నారు. వాటి దగ్గర పున్నమి వస్తే చంద్రగ్రహణం, అమావాస్య వస్తే సూర్యగ్రహణం.

అంచు చూసినా తెలుస్తుంది. 2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ గ్రహణంలో నీడ అంచు వంపు తిరిగి, మసగ్గా, సుమారు గంటలో బింబాన్నంతా కమ్మేసింది. అష్టమి నాటి అంచు దాదాపు తిన్నని గీత, గంటసేపు చూసినా కదిలినట్టే ఉండదు.

2028 డిసెంబరు 31 రాత్రి ఇంకో సంపూర్ణ చంద్రగ్రహణం ఉంది. మన టైమ్ ప్రకారం దాదాపు 9:45 నుంచి 11 దాకా చంద్రుడు పూర్తిగా నీడలో ఉంటాడు. చలికాలం కాబట్టి మబ్బుల టెన్షన్ తక్కువ. న్యూ ఇయర్‌కి బీచ్ రోడ్డుకి జనం ఎలాగూ వస్తారు, మీరు పిల్లల్ని కూడా తీసుకురండి. చంద్రగ్రహణానికి ప్రత్యేకం అద్దాలేమీ అక్కర్లేదు.